తరంగంబాడి డేనిష్ కోట మ్యూజియం: వెళ్లేముందు మనవాళ్లు అడిగే ప్రశ్నలు

నవగ్రహ యాత్రకనో, తిరుక్కడైయూర్‌లో షష్టిపూర్తికనో మనవైపు నుంచి కావేరీ తీరానికి వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. తిరునళ్లారులో శనీశ్వరుడి దర్శనం చేసుకుని, కారైక్కాల్ మీదుగా వెనక్కి వస్తారు. ఆ దారికి కూతవేటు దూరంలో, సరిగ్గా అలల ఎదురుగా ఒక పాత కోట ఉంది. దాన్ని కట్టడానికి చోటిచ్చిన రాజు తెలుగువాడు. ఈ సంగతి చెబితే ఎవరైనా ఒక్క క్షణం ఆగి, 'అవునా!' అంటారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. నేను రెండుసార్లు వెళ్లాను. అప్పట్నుంచి బంధువులూ స్నేహితులూ ఫోన్ చేసి అడిగినవాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

తరంగంబాడి, ట్రాంకెబార్ రెండూ ఒకటేనా? అసలు ఎక్కడుంది?

ఒకటే. తమిళులు తరంగంబాడి అంటారు. అలలు పాడే ఊరని ఆ పేరుకు అర్థం చెబుతారు. డెన్మార్క్ వాళ్ల నోట్లో పడి అది ట్రాంకెబార్ అయింది. తమిళనాడులో మయిలాడుతురై జిల్లా. ఇదివరకు నాగపట్నం జిల్లాలో ఉండేది, 2020లో కొత్త జిల్లా చేశారు. కాబట్టి పాత పుస్తకాల్లో నాగపట్నం జిల్లా అని కనబడితే కంగారుపడొద్దు. కారైక్కాల్‌కు ఉత్తరాన సుమారు 15 కిలోమీటర్లు, మయిలాడుతురై నుంచి 30 కిలోమీటర్లు, చిదంబరం నుంచి 50 ఉంటుంది. తిరుక్కడైయూర్ నుంచైతే పది కిలోమీటర్లు కూడా లేదు.

ఇది డచ్ వాళ్ల కోటే కదా?

కాదు. ఇది అందరూ పడే పొరపాటే. భీమునిపట్నంలో, పులికాట్‌లో డచ్ సమాధులు చూసిన అలవాటుతో మనకు పాత తెల్లవాళ్ల కట్టడం కనిపిస్తే ఇంగ్లీషువాళ్లదో డచ్చివాళ్లదో అనిపిస్తుంది. డచ్చివాళ్లది హాలండ్. ఈ కోట డెన్మార్క్ వాళ్లది, అంటే డేన్లది. వాళ్లు దీనికి పెట్టుకున్న పేరు డాన్స్‌బోర్గ్. డేన్ల కోట అనే దాని అర్థం. హామ్లెట్ నాటకంతో పేరుపడ్డ క్రోన్‌బోర్గ్ కోట తర్వాత డేన్లు కట్టినవాటిలో ఇదే పెద్దదని అక్కడ చెబుతుంటారు.

కోటా, ఆఫీసా, జైలా, మ్యూజియమా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

అందరూ చెప్పేదీ నిజమే. ఈ కోటను చూసే పద్ధతి కూడా ఇక్కడే ఉంది. గోల్కొండనో కొండవీడునో మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశ తప్పదు. అంత ఎత్తూ లేదు, అన్ని గోడలూ లేవు. గోడల చుట్టూ ఒకసారి నడిచిరావడానికి ఎక్కువసేపు పట్టదు. యుద్ధాల కోటగా కాకుండా దీన్నొక కచేరీగా, అంటే ఆఫీసుగా చూడండి. అప్పుడు ప్రతి గదికీ అర్థం తెలుస్తుంది.

సముద్రం వైపున్న రెండంతస్తుల భవనం అసలుది. కింది భాగంలో మందుగుండు, సరుకుల గిడ్డంగులు. మెట్లెక్కి పైకి వెళ్తే కమానులతో ఉన్న గదులు: గవర్నరు నివాసం, పెద్ద వర్తకుల గదులు, పాదరీ గది, మొదట్లో చర్చి కూడా అక్కడే. లెక్కలు రాసేదీ, ఒప్పందాల మీద సంతకాలు పెట్టేదీ, తగవులు తీర్చేదీ ఈ పైభాగంలోనే. మిగతా మూడు వైపులా కోటగోడను ఆనుకుని వరసగా గదులుండేవి. సిపాయిల బారకాసులు, వంటశాల, గోదాములు, జైలు. పై గదిలో కూర్చున్నాయన సంతకం పెడితే ఎదురుగా ఉన్న గదిలోకి మనిషిని తోసేవాళ్లు. మధ్యలో ఉన్నది ఒక్క ముంగిలే.

1784లో గవర్నరు మకాం కోట బయటున్న బంగళాకు మారింది. కోటకు ఎదురుగా, మైదానం అవతల ఆ బంగళాను ఇప్పటికీ చూడొచ్చు.

రఘునాథ నాయకుడికీ దీనికీ ఏమిటి సంబంధం?

ఇది అడగనివాళ్లు లేరు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ 1616లో ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. మిరియాల వ్యాపారంలో ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ కూడబెడుతున్నది చూసి ఆయనకూ ఆశ పుట్టింది. 1618లో ఓవే గెద్దే అనే నౌకాధికారిని ఓడలిచ్చి పంపాడు. వయసు పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ కుర్రాడు ముందు సింహళం వెళ్లి క్యాండీ రాజుతో బేరం పెట్టుకున్నాడు, అది బెడిసికొట్టింది. ఈలోపు ముందుగా పంపిన ఒక ఓడ మీద కారైక్కాల్ దగ్గర పోర్చుగీసువాళ్లు దాడి చేశారు. ఆ ఓడ నాయకుడు రోలాండ్ క్రాపే కొద్దిమందితో తప్పించుకుని, చివరికి తంజావూరు చేరి నాయకరాజు కొలువులో పడ్డాడు. ఓడ పోతే పోయింది గాని పని మాత్రం అక్కడే కుదిరింది.

అప్పుడు తంజావూరును ఏలుతున్నది రఘునాథ నాయకుడు. రాజ్యం తమిళ దేశంలో ఉన్నా కొలువు భాష తెలుగు. ఆయన స్వయంగా తెలుగులో కావ్యాలు రాశాడు. విజయవిలాసం రాసిన చేమకూర వేంకటకవి ఆయన ఆస్థానంలోనివాడే, ఆ కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. రామభద్రాంబ, మధురవాణి వంటి విదుషీమణులు ఉన్న సభ అది. వీణకు ఇప్పుడున్న రూపం రావడంలో కూడా ఆయన పేరు చెబుతారు. నాగపట్నంలో పోర్చుగీసువాళ్లు పాతుకుపోయి ఉన్నారు. వాళ్లకు పోటీగా ఇంకొకరుంటే రాజుకు ధర పెరుగుతుంది. సంతలో ఒక్కడే కొనేవాడుంటే రైతుకు ఏం మిగులుతుందో ఆయనకు తెలుసు.

1620 నవంబరు 20న ఒప్పందం కుదిరింది. రఘునాథ నాయకుడు డెన్మార్క్ రాజుకు బంగారు రేకు మీద ఉత్తరం రాయించి పంపాడు. ఆ రేకు ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లోని డెన్మార్క్ జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. ఉత్తరం తమిళంలో ఉంటుంది. కింద రాజు సంతకం మాత్రం తెలుగులో ఉంటుంది.

ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నేను ఫొటో వెతికి, పెద్దది చేసి చాలాసేపు చూశాను. ఊరివాళ్లకు, కరణాలకు, వర్తకులకు తెలియాల్సింది తమిళంలో. తన చెయ్యి మాత్రం తెలుగులో. మనం ఇవాళ ఇంగ్లీషు దరఖాస్తు కింద తెలుగులో సంతకం పెట్టినట్టే ఉందనిపించింది.

ఊరిని డేన్లకు అమ్మేశాడా?

లేదు, అద్దెకిచ్చాడు. ఏటా 3,111 రూపాయల కప్పం అని చెబుతారు. తరంగంబాడి, దాని చుట్టుపక్కల కొద్ది నేల, అక్కడ కోట కట్టుకుని వ్యాపారం చేసుకునే హక్కు ఇచ్చాడు. 1673లో నాయకరాజుల పాలన పోయింది, ఆ తర్వాత తంజావూరులో మరాఠాలొచ్చారు. ఇంటి యజమాని మారాడే తప్ప అద్దె బాధ తప్పలేదు. బాకీ పడినప్పుడల్లా తంజావూరు సైన్యం వచ్చి ఊరి బయట కూర్చునేది.

ముప్పై ఏళ్లపాటు డెన్మార్క్ నుంచి ఒక్క ఓడా రాలేదంటారు, నిజమేనా?

దాదాపు నిజం. ఈ కోట కథల్లో నాకు బాగా నచ్చింది ఇదే. 1639లో డెన్మార్క్ నుంచి బయలుదేరిన ఓడల తర్వాత మరో ఓడ ఇక్కడికి చేరింది 1669లో. అక్కడ యుద్ధాలు, కంపెనీ దివాలా. 1650లో కంపెనీనే రద్దు చేశారు. రద్దు చేసిన సంగతి సరే, ఇక్కడున్నవాళ్ల మాటేమిటి? జీతాలు లేవు, ఉత్తరాలు లేవు, సరుకు లేదు. జ్వరాలతో కొందరు పోయారు, విసుగొచ్చి కొందరు వేరే కంపెనీల్లో చేరిపోయారు.

చివరికి పెత్తనం ఎస్కిల్ కొంగ్స్‌బక్కె అనే ఆయన చేతికి వచ్చింది. ఎవరూ ఆయన్ని గవర్నరుగా నియమించలేదు. జెండా ఎగరేసి ఉంచాలి, అద్దె కట్టాలి, తినాలి. బంగాళాఖాతంలో పోయే ఓడల్ని పట్టుకుని సరుకులు అమ్మి రోజులు గడిపాడు. దాన్ని దొంగతనమనాలా, యుద్ధమనాలా అనేది మీరు ఏ ఓడలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. తంజావూరు సైన్యం ముట్టడించినప్పుడు ఊరి చుట్టూ గోడ కట్టించాడు.

1669లో ఓడ వచ్చేసరికి ఊళ్లో మిగిలిన డేన్ ఆయన ఒక్కడే. వచ్చినవాళ్లు తమతో తెచ్చిన కాగితం తీసి, 'ఇకనుంచి మీరే గవర్నరు' అన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగానికి అప్పుడు ఆర్డరు చేతికొచ్చింది! మన ఆఫీసుల్లో ఇంచార్జిగానే ఏళ్లు గడిపినవాళ్లకు ఈ కథ చెప్పి చూడండి, మిగతాది వాళ్లే చెబుతారు.

జైలు గదులు చూడనిస్తారా? అందులో ఎవరున్నారు?

కోటగోడను ఆనుకున్న గదులు చూడొచ్చు. మరమ్మతుల రోజుల్లో కొన్ని మూసి ఉంటాయి. పైనున్న హాళ్ల వెలుతురులోంచి ఇక్కడికి వస్తే కళ్లు సర్దుకోవడానికి కాసేపు పడుతుంది. పైకప్పు గుండ్రంగా కిందికి వంగి ఉంటుంది, ఉప్పుగాలికి సున్నం పెచ్చులూడి ఉంటుంది. సముద్రం కనిపించదు. చప్పుడు మాత్రం గోడలోంచి వస్తూనే ఉంటుంది. లోపల పడినవాడికి అది పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉండేదన్నమాట. పిల్లలు ఆడుకుంటూ లోపలికి పరిగెత్తి, అంతే వేగంగా బయటికొచ్చేస్తారు.

ఇక్కడ బందీగా ఉన్నవాళ్లలో అందరికీ తెలిసిన పేరు బర్తలోమ్యూ జీగెన్‌బాల్గ్. జర్మనీ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీ. 1706 జులై 9న తోటి మిషనరీ ప్లూచౌతో కలిసి ఓడ దిగాడు. వాళ్లను పంపింది డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్. కోటలో ఉన్న గవర్నరు హాసియస్ కూడా ఆ రాజు కిందివాడే. కానీ కంపెనీకి ఈ పాదరీల రాక ఇష్టం లేదు. ఊళ్లో మతం గొడవలొస్తే వ్యాపారం చెడుతుందని భయం. రాజు ఒకవైపు ఉత్తరమిచ్చి పంపుతుంటే, కంపెనీ ఇంకోవైపు గవర్నరుకు 'వీళ్లను సాగనివ్వకు' అని చెప్పి పెట్టింది.

జీగెన్‌బాల్గ్ ఊరుకోలేదు. పిల్లల బడిలో ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ తమిళం నేర్చుకున్నాడు. పేదవాళ్ల తరఫున మాట్లాడటం మొదలెట్టాడు. ఒక వితంతువు అప్పు తగాదాలో తలదూర్చి గవర్నరుతో మాటా మాటా పెంచుకున్నాడు. 1708 చివర్లో ఆయన్ని కోటలో పెట్టారు. నాలుగు నెలల తర్వాత వదిలారు.

బయటికొచ్చాక చేసిన పని చూడండి. 1712లో ఇంగ్లండు నుంచి అచ్చుయంత్రం వచ్చింది, మరుసటి ఏడాది జర్మనీలోని హాలే నుంచి తమిళ అచ్చక్షరాలు వచ్చాయి. 1715 నాటికి తమిళంలో బైబిలు కొత్త నిబంధన అచ్చయింది. కాగితం చాలక పక్కనే ఉన్న పొరయారులో కాగితం మిల్లు కూడా పెట్టారు. 1718లో ఆయన కట్టించిన న్యూ జెరూసలేం చర్చి ఇప్పటికీ కింగ్ స్ట్రీట్‌లో ఉంది. మరుసటి ఏడాదే కన్నుమూశాడు, నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన ఉన్న ఇంట్లో 2017 నుంచి ఒక మ్యూజియం నడుస్తోంది. కోటతో పాటు అదీ చూడండి. హాసియస్‌కు ఊళ్లో ఏ గుర్తూ మిగల్లేదు. ఆయన లోపల వేసిన మనిషి విగ్రహం మాత్రం కోట బయట మైదానంలో నిలబడి ఉంది.

మ్యూజియంలో ఏమేం ఉన్నాయి?

పెద్దగా ఊహించుకోకండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక మూల గదికి సరిపడేంత సరుకు. తమిళనాడు పురావస్తు శాఖ 1970ల చివర్లో కోటను తీసుకుని ఈ మ్యూజియం పెట్టింది. పింగాణీ పాత్రలు, చైనా నుంచి వచ్చిన తేయాకు జాడీలు, గాజు సామాను, మట్టిబొమ్మలు, కత్తులు, బల్లేలు, ఫిరంగి గుండ్లు, సున్నపు శిల్పాలు, డేనిష్ రాతప్రతులు. డేన్ల వస్తువుల పక్కనే చోళుల కాలం నుంచి ఉన్న ఈ ప్రాంతపు రాతి విగ్రహాలు. ఒక వరసా వాడీ ఉండదు. ఏ ఊరి మ్యూజియమైనా ఇంతేనేమో. తాతగారి బీరువా తీస్తే పట్టాదారు పాసుబుక్కు పక్కన పెళ్లిఫొటో, దాని పక్కన పనిచెయ్యని వాచీ ఉంటాయే, అలాగ.

నా మట్టుకు రెండు వస్తువుల దగ్గర ఎక్కువసేపు ఆగాను. ఒకటి తిమింగలం ఎముకలు. దూరం నుంచి చూసి కొయ్యదూలం అనుకున్నాను. దగ్గరికెళ్తే పైనంతా సన్నటి రంధ్రాలు, ఎండిన స్పాంజిలాగా. మా అబ్బాయి 'ఇది చేప ముల్లా నాన్నా?' అన్నాడు. చేప కాదురా అని చెప్పడానికి పావుగంట పట్టింది.

రెండోది తేయాకు జాడీ. అంతంత జాడీలు ఓడలో చైనా నుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి కోపెన్‌హాగెన్‌కు వెళ్లేవి. మొదట మిరియాల కోసం వచ్చిన కంపెనీ తర్వాత నూలుబట్టల వ్యాపారంలోకి, ఆపైన టీ వ్యాపారంలోకి దిగింది. తంజావూరు నేత పనివాళ్లు నేసిన బట్టకూ ఈ జాడీకీ ఒకే లెక్కల పుస్తకంలో చోటుండేది. జాడీని కాసేపు చూసి పైకప్పు వంక చూస్తే, ఇది ఇల్లూ కాదు కోటా కాదు, నడుస్తున్న ఆఫీసని అప్పుడు అర్థమవుతుంది.

డేన్లు ఇక్కడ సొంత నాణేలు కూడా ముద్రించారు. తొలినాటివి సీసంతో చేసినవి, మీద నాలుగో క్రిస్టియన్ పేరు తొలి అక్షరం, పైన కిరీటం. వేలిగోరుకు కాస్త పెద్దగా ఉంటాయి. ఉప్పునీటికి సీసం నల్లబడి గులకరాయిలా కనబడుతుంది.

తెలుగువాళ్లకు రఘునాథుడు కాక ఇంకేమైనా లింకు ఉందా?

మూడు చెబుతాను, మూడూ గట్టివే.

మొదటిది మచిలీపట్నం. తరంగంబాడి పెట్టిన ఐదేళ్లకే, 1625లో డేన్లు మచిలీపట్నంలో వర్తకస్థానం తెరిచారు. ఆ రోజుల్లో ఈ తీరంలో అసలు వ్యాపారమంతా మన బందరులోనే. కలంకారీ, సన్నబట్టలు అక్కడే దొరికేవి.

రెండోది అచ్చులో తెలుగు. జీగెన్‌బాల్గ్ పోయిన 1719లోనే బెంజమిన్ షుల్జ్ అనే మరో మిషనరీ తరంగంబాడి వచ్చాడు. ఇక్కడివాళ్లతో పొసగక 1726లో మద్రాసు వెళ్లిపోయాడు. అక్కడ వీధుల్లో తమిళం ఎంత వినిపించిందో తెలుగూ అంత వినిపించింది. తమిళులు మనల్ని వడుగులంటారు కదా, ఆ మాటతోనే ఆయన మన భాషను పిలిచాడు. తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, బైబిలు అనువదించాడు. జర్మనీకి తిరిగి వెళ్లాక హాలేలో తెలుగు అచ్చక్షరాలు పోయించి 1746, 47లలో చిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు అవే. అంటే మన మొదటి అచ్చు పుస్తకం రాజమండ్రిలోనో మద్రాసులోనో కాదు, జర్మనీలో పుట్టింది. దానికి దారి వేసింది ఈ చిన్న ఊరు.

మూడోది కాకినాడ. యోహాన్ కోనిగ్ అని, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు, 1768లో వైద్యుడిగా తరంగంబాడి వచ్చాడు. రోగులకంటే మొక్కల మీదే ధ్యాస. దక్షిణాదంతా తిరిగి మొక్కలు సేకరించి యూరప్‌కు పంపాడు. 1785లో ఉత్తరానికి ప్రయాణిస్తూ గోదావరి జిల్లాలో విరేచనాల జబ్బు పడ్డాడు. అప్పటికి సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ వచ్చి చూసుకున్నా దక్కలేదు. కాకినాడ జగన్నాథపురంలో ప్రాణం విడిచాడు. రాక్స్‌బర్గ్ తర్వాత కోరమాండల్, అంటే ఈ తూర్పు తీరపు మొక్కల మీద చేసిన పెద్ద పని వెనుక ఈ స్నేహం ఉంది. నేను కాకినాడ వెళ్లినప్పుడల్లా జగన్నాథపురం వంతెన దాటుతాను గాని, ఈ సంగతి తెలిసింది తరంగంబాడి వెళ్లొచ్చాకే.

డేన్లు ఎప్పుడు, ఎందుకు వెళ్లిపోయారు?

నష్టాలు. నెపోలియన్ యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్లు 1808లో ఊరిని పట్టుకుని 1815లో తిరిగిచ్చారు. అప్పటికే వ్యాపారం చచ్చింది. 1845లో డెన్మార్క్ రాజు తరంగంబాడినీ బెంగాల్లోని సెరాంపూర్‌నూ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మేశాడు. అద్దెకు తీసుకున్న ఊరిని అమ్మడమేమిటని అడగొద్దు. అత్త సొమ్ము అల్లుడు దానం లాంటిది.

ఆ తర్వాత కోటను ఏం చేశారు?

ఇంగ్లీషువాళ్లు కొన్నాళ్లు తంజావూరు జిల్లా కచేరీని ఇక్కడే పెట్టారు. 1860 ప్రాంతంలో అది తంజావూరుకు తరలిపోయింది. అదే సమయంలో రైలు నాగపట్నం రేవుకు వచ్చింది, దాంతో ఓడలూ అటే పోయాయి. అటు ఆఫీసులూ లేక, ఇటు ఓడలూ లేక ఊరు నిద్రపోయింది. ఇవాళ పాత వీధులు చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం కూడా ఆ నిద్రే. పడగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా లేకపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక కోట ప్రభుత్వ అధికారుల ట్రావెలర్స్ బంగళాగా ఉండేది, మ్యూజియం వచ్చేదాకా. గవర్నర్లు నిద్రపోయిన గదుల్లో క్యాంపు మీద వచ్చిన ఇంజనీర్లూ తహసీల్దార్లూ నిద్రపోయారన్నమాట. మ్యూజియంలో ఈ భాగం గురించి ఎక్కడా ఒక్క బోర్డు లేకపోవడం నాకు లోటుగా అనిపించింది. రాజులు, గవర్నర్లు సరే. టీ తెచ్చిన వాచ్‌మన్ కథ ఎవరు చెబుతారు?

సునామీలో కోటకు దెబ్బ తగల్లేదా?

2004 డిసెంబరు 26న ఈ ఊరు ఘోరంగా దెబ్బతింది. మత్స్యకారుల పేటలో చాలామంది పోయారు. కోట నిలబడింది. ఆ తర్వాత ఒడ్డున పెద్ద బండరాళ్లు పేర్చారు. ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు ఈ విషయం మీరుగా ఎత్తకండి. వాళ్లు చెబితే వినండి.

సముద్రం ఇక్కడ ఎప్పట్నుంచో నేలను తింటూనే ఉంది. కోట పక్కనే 1306లో కులశేఖర పాండ్యుడు కట్టించిన మాసిలామణినాథర్ గుడి ఉంది. దానిలో చాలా భాగాన్ని అలలు ఎప్పుడో తీసుకుపోయాయి.

ఎలా వెళ్లాలి? ఎంతసేపు పడుతుంది? తమిళం రాకపోతే ఎలా?

రైల్లో మయిలాడుతురై దాకా వెళ్లి, అక్కణ్ణుంచి బస్సు. ఒకప్పుడు తరంగంబాడికే రైలుండేది, 1980లలో తీసేశారు. చెన్నై నుంచి కారులోనైతే పుదుచ్చేరి, చిదంబరం మీదుగా. కోటకూ మ్యూజియానికీ గంటన్నర, ఊరంతా నడిచి చూస్తే మరో రెండు గంటలు. 1792లో కట్టిన ఊరి ద్వారం దగ్గర దిగిపోయి, కింగ్ స్ట్రీట్ వెంట నడుచుకుంటూ సముద్రం వైపు రండి. దారిలో 1701 నాటి జియాన్ చర్చి, ఎదురుగా న్యూ జెరూసలేం కనిపిస్తాయి. కారును తిన్నగా కోట గుమ్మం దాకా తీసుకెళ్తే ఈ నడక పోతుంది.

టికెట్ నామమాత్రమే, చిల్లర ఉంచుకోండి. మధ్యాహ్నం ఎండకు ఇసుక కాలిపోతుంది. పొద్దున్నే గానీ నాలుగు తర్వాత గానీ బాగుంటుంది. పైన కోటగోడ మీద పిట్టగోడ తక్కువ ఎత్తు, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. భోజనానికి ఊళ్లో పెద్ద హోటళ్లుండవు, పొరయారులోనో కారైక్కాల్‌లోనో తినండి. భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. 'కోట్టై ఎంగే?' అంటే చాలు, చెయ్యెత్తి చూపిస్తారు.

ఇంట్లో పెద్దవాళ్లతో వెళ్తున్నాం. గుళ్ల మధ్యలో దీనికోసం ఆగడం దండగ కాదా?

మా బావగారు కూడా ఇదే అన్నారు. 'జైలు చూడటానికి ఇంత దూరం రావాలా?' అని కారులోంచి దిగలేదు. బంగారు రేకు మీద తెలుగు సంతకం సంగతి చెప్పాక దిగారు. ఆ తర్వాత ఆయన్ని కోటగోడ మీంచి దింపడానికి మాకు గంట పట్టింది. మెట్లు కొంచెం ఎత్తు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా ఎక్కాలి. ఎక్కలేనివాళ్లు ముంగిట్లో నీడలో కూర్చోవచ్చు, గాలి మాత్రం అందరికీ సమానంగా వస్తుంది.

సెలవు ఎప్పుడు?

శుక్రవారం. శనివారం తిరునళ్లారు దర్శనం పెట్టుకుని, ముందురోజు ఖాళీగా ఉంది కదా అని ఇటు వచ్చేవాళ్లు ఎక్కువ. నేనూ మొదటిసారి అలాగే వచ్చాను. గేటుకు తాళం. ముందుగా కనుక్కోకపోవడం నా తప్పే. కోటను చుట్టి సముద్రం వైపు వెళ్లి బండరాళ్ల మీద కూర్చున్నాం. వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి నవ్వి, వేళ్లతో లెక్కపెడుతూ తమిళంలో ఏదో చెప్పాడు. నాకర్థమైంది ఒక్క మాటే: 'నాళై'. రేపు రమ్మని.